యావె ఉందా?

మొన్న ఆదివారం పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూస్తూ కూర్చున్నాను. మాడు వాసన వస్తే ఎవరైనా పొయ్యి దగ్గరికి పరుగెత్తుతారు; నేను తలుపు దగ్గరికి పరుగెత్తాను. ముప్పైకి దగ్గరపడుతున్నా ఆ భయం నన్ను వదల్లేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఎడిసన్ అనే ఊళ్లో పాత అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు, చలికాలమంతా తడి బూట్ల వాసన కొట్టే కారిడార్, సాయంత్రమైతే అందులోనే మా ఇంటి పోపు ఘాటూ, పక్కింటి మార్తా ఆంటీ కాల్చే మొక్కజొన్న రొట్టెల కమ్మదనమూ. తమ్ముడు పుట్టాడని కరీంనగర్ నుంచి ఆరు నెలల కోసం వచ్చిన అమ్మమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, మార్తా ఆంటీకి వచ్చిందీ అంతంతమాత్రమే. అయినా అమ్మమ్మ చెత్తసంచి పట్టుకుని బయటికి రాగానే ఆవిడ తన ఏప్రన్ జేబు తట్టి చూపించి, "సెన్యోరా, యావె?" అని అడిగేది. యావె అంటే ఆవిడ స్పానిష్‌లో తాళంచెవి. మా తలుపులు మూస్తే చాలు, తాళం దానంతటదే పడిపోయేది మరి. వారం తిరక్కుండా అమ్మమ్మ ఆ మాటను సొంతం చేసేసుకుంది. "యావె కొంగుకు కట్టుకున్న," "యావె మర్చినవా పోరీ" అని, పుట్టినప్పటి నుంచి అంటున్నట్టే అనేది.

మాట నచ్చింది గానీ మనిషి మీద నమ్మకం కుదరలేదు. అమ్మ ఒక తాళంచెవి మార్తా ఆంటీ దగ్గర ఉంచిందని తెలిసిన రోజు నుంచీ అమ్మమ్మకు ముద్ద దిగలేదు.

"ముక్కూ మొఖం తెల్వనోళ్లకు ఇంటి యావె ఇస్తరా ఎవరన్న? పోయి తీస్కరా బిడ్డా. అమ్మ అడిగిందని చెప్పు."

నేను వెళ్లి ఆ అబద్ధమే చెప్పాను. మార్తా ఆంటీ వెంటనే ఇచ్చేసింది. అమ్మకు చెప్పనని నా చేత ఒట్టేయించుకుని, అమ్మమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది.

ఆ తర్వాతి శుక్రవారం నాకు స్కూలు లేదు, అమ్మానాన్నా ఆఫీసులకు వెళ్లారు. అమ్మమ్మ తలస్నానం చేసి, చీర మార్చుకుని, తమ్ముణ్ణి గదిలో పడుకోబెట్టి, పాలు పొయ్యి మీద పెట్టి, గడపకు పసుపు రాయడానికి కూర్చుంది. ఆ ఇంటికి గడపెక్కడిది, రెండు వేళ్ల వెడల్పు రేకుపట్టీ! లోపలివైపు పూసేసి, బయటివైపు బొట్లు పెట్టడానికి కారిడార్‌లోకి వచ్చింది. కుంకుమ భరిణె పట్టుకుని నేనూ వచ్చాను. వెనకాల తలుపు టక్కుమని పడింది.

అమ్మమ్మ చెయ్యి కొంగు తడుముకుంది. మార్చిన చీరకు ముడి లేదు.

కాసేపటికి తలుపు కింది సందులోంచి మాడు వాసన, ఆ వెంటనే తమ్ముడి ఏడుపు. అమ్మమ్మ పసుపు చేతులతో మార్తా ఆంటీ తలుపు బాదింది. "యావె! యావె!" ఆవిడ తలుపు తీసి, ఖాళీ అరచేతులు చాపి, నా వైపు చూసింది. అమ్మో, ఆ చూపు! నా అబద్ధం వల్లే తమ్ముడు చచ్చిపోతాడనుకున్నాను.

అప్పుడు మార్తా ఆంటీ తన బాల్కనీలోకి పరుగెత్తింది, ఆవిడ వెనకే మేమూ. మా బాల్కనీకీ దానికీ మధ్య మూరెడు సందు, కింద సిమెంటు నేల. మా వైపు అమ్మమ్మ చీరలు ఆరేసేది కాబట్టి అక్కడి అద్దం తలుపుకు గడియ పెట్టేవాళ్లం కాదు. భారీ మనిషి, స్టూలెక్కి రెయిలింగ్ దాటుతుంటే, ఆ ఏప్రన్ తాళ్లు రెండూ అమ్మమ్మ గుప్పిట్లో బిగించి పట్టుకుంది. నేను కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి ఆవిడ అటువైపు ఉంది. ఏడుపు ఆగింది. మేం మళ్లీ కారిడార్‌లోకి వెళ్లేసరికి తమ్ముణ్ణి చంకనేసుకుని, దగ్గుతూ మా తలుపు తీసింది. అమ్మమ్మ తిన్నగా బియ్యం డబ్బా దగ్గరికి వెళ్లి, తాళంచెవి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"ఉంచుకో తల్లీ. గిది నీ దగ్గర్నే ఉండాలె."

మార్తా ఆంటీ తలుపు మీద పసుపు చేతిముద్రలు చాలాకాలం ఉండిపోయాయి, ఆవిడ తుడవలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరు గుమ్మం దాటినా, ట్రెయిన్‌కి పరుగెత్తే నాన్నను కూడా ఆపి, "యావె ఉందా?" అని అడగాల్సిందే.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ అపార్ట్‌మెంటు కూల్చేశారు, మార్తా ఆంటీ ఎక్కడుందో తెలియదు. నా తలుపు నంబరు నొక్కితే తెరుచుకుంటుంది, నా ఇంట్లో తాళంచెవి అన్న వస్తువే లేదు. మొన్న ఆ మాడు వాసనలో తలుపు బార్లా తీసి కారిడార్‌లో నిలబడ్డాను. అటూ ఇటూ అన్నీ మూసిన తలుపులే. నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, అవసరం వస్తే ఏ తలుపు బాదాలో నాకు తెలియదు.