పెద్దమ్మ, బొచ్చె చేప, ఆరంగుళాల ఫోను

పదేళ్ల కిందట మా విజయవాడలో చైనా ఫోనంటే పెద్దవాళ్లు మొహం చిట్లించేవారు, కుర్రాళ్లు కళ్లు పెద్దవి చేసేవారు. అరచేతిలో పట్టనంత తెర, వారానికో కొత్త మోడలు, ధర చూస్తే మధ్యతరగతి జీతగాడు రెండు నెలలు సినిమాలు మానేస్తే అందేంత. వీటిలో ఏది కొనాలో చెప్పేవాడికి ఆ రోజుల్లో జాతకాలు చెప్పేవాడికున్నంత గిరాకీ ఉండేది. ఆ గిరాకీ చూసే నేనూ ఆ పనిలోకి దిగాను. నా జేబులో ఉన్నది మాత్రం మూడు బటన్లు అరిగిపోయిన పాత ఫోను. (డాక్టరుకి దగ్గు రాకూడదని రూలేమీ లేదు కదా.)

బందరు రోడ్డులో ఒక మేడ మీద, రెండు గదుల్లో మా వెబ్‌సైటు ఆఫీసు. దాని యజమాని అంతకుముందు కోచింగ్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. ఏది చూసినా మార్కులు వేయడం ఆయనకు అలవాటు. కింద కొట్టు నుంచి వచ్చే టీకి కూడా రోజూ పదికి ఇంత అని వేసేవారు. అందుకని మేం ఆయన్ని చాటుగా మార్కుల మేష్టారు అనుకునేవాళ్లం. ఒక శనివారం సాయంత్రం ఆయన మూడు పెద్ద తెర ఫోన్లు నా ముందు పెట్టి, "ఇంటికి తీసుకెళ్లి రెండ్రోజులు వాడు. సోమవారానికి మార్కులు కావాలి. గీత పడిందంటే నీ జీతంలోంచే" అన్నారు. ఒకటి నల్లది, ఒకటి తెల్లది, ఒకటి బంగారు రంగుది. మూడింటినీ మూడు జేబుల్లో పెట్టుకుని ఆటోలో కూర్చునేసరికి ఇటు తిరిగితే తొడలో, అటు తిరిగితే డొక్కలో గుచ్చుకున్నాయి. అయినా ఆ రోజు ఆటోలో నా అంత గొప్పవాడు లేడనే నా అభిప్రాయం.

అప్పట్లో నేను భవానీపురంలో మా పెద్దమ్మగారింట్లో ఉండేవాణ్ణి. పెద్దమ్మది చేపల వ్యాపారం. తెల్లారేసరికి కొల్లేరు వైపు నుంచి వ్యానులో సరుకు వస్తుంది, ఆమె మార్కెట్లో తట్ట ముందు కూర్చుంటుంది. మోకాళ్ల నొప్పులు. అందుకే ఆ మధ్య మంగళగిరి దగ్గర హైవే మీద భోజనం హోటలు నడిపే ఒకాయన, ప్రతి ఆదివారం బొచ్చె చేపలు తనకే వేయమని, ముందు ఒక చేప ఫోటో పంపమని అడిగితే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఆర్డరు కుదిరితే ఆదివారాలైనా ఎండలో కూర్చునే పని తప్పుతుంది. ఇంటిల్లిపాదీ దాని గురించే మాట్లాడుకునేవాళ్లం.

నేనేమో ఆ సాయంత్రమంతా ఫోన్లకు పరీక్షలు పెట్టాను. శాస్త్రీయంగానే సుమా! బంగారు ఫోనులో ముందు కెమెరాకి బ్యూటీ మోడ్ అని ఒకటుంది. తెర మీద సున్నా నుంచి పది దాకా ఒక గీత వస్తుంది, దాని మీద వేలు జరిపేకొద్దీ మొహం తెల్లబడుతుంది, మచ్చలు మాయమవుతాయి. రెండు దగ్గర పెడితే నాలో మార్పేమీ రాలేదు. అయిదు దగ్గర మా నాన్నకి కొంచెం చదువుకున్న తమ్ముడిలా ఉన్నాను. పది దగ్గర పెడితే అచ్చం పెళ్లికొడుకుని! ఇంతకంటే మంచి కెమెరా భూమ్మీద ఉండదని నిర్ధారించుకుని, ఇరవైకి పంతొమ్మిది వేసి, ఆ గీతను పది దగ్గరే వదిలేసి పడుకున్నాను.

ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ వ్యానులోంచి దించిన ఒక బొచ్చెతో ఇంటికొచ్చి నన్ను తట్టి లేపింది. "ఆ పెద్ద ఫోను ఒకసారి ఇటియ్యరా. నా దాంట్లో చేప కనపడి చావట్లా." నిద్రలోనే బంగారు ఫోను చేతికిచ్చాను. పెద్దమ్మ ఫోటో తీసే పద్ధతి ఒకటుంది. చేప మొప్ప ఎత్తి పట్టుకుని, పక్కనే తన మొహం కూడా పడేలా తనే తీసుకుంటుంది. "నేను లేకపోతే ఎవరి చేపో ఆళ్లకెట్టా తెలుస్తది?" అనేది. మొప్ప ఎర్రగా ఉంటే తాజా చేప, తెల్లబడితే పాతది. కొనేవాడు మొదట చూసేది అదే. ఆమె ఫోటో తీసి, నా చేత హోటలాయనకు పంపించింది. నేను సగం కళ్లతో పంపి మళ్లీ ముసుగు తన్నాను.

పది నిమిషాలకి హోటలాయన గొంతు ఫోనులోంచి వినిపించింది. "ఏంటమ్మా ఇది, మొప్పలు సున్నం కొట్టినట్టున్నాయి? ఎన్ని రోజుల్నుంచి ఐసులో పెట్టారు? మాకొద్దులెండి."

పెద్దమ్మ తిట్టలేదు, అరవలేదు. అరుగు మీద కూర్చుని, "ముప్పయ్యేళ్ల నుంచి తట్ట పెడతన్నా. ఐసు చేప అమ్మానని ఒక్కడూ అనలేదురా" అంది మెల్లగా. అప్పుడు ముసుగు తీసి ఫోటో చూశాను. బ్యూటీ మోడ్ నిష్పక్షపాతంగా పనిచేసింది. పెద్దమ్మకు ముప్పయ్యేళ్లు తగ్గించింది, చేపకు మూడు రోజులు పెంచింది. గబగబా గీతను సున్నాకి దించి, ఇంకో ఫోటో తీయించి పంపాను. మొప్ప మందారంలా ఎర్రగా వచ్చింది. వెంటనే జవాబు: "అమ్మా, ఇందాక తెల్లగా ఉన్న మొప్ప ఇప్పుడు ఎర్రగా ఎట్లా అయింది? రంగేశారా?"

ఆ మాటకి పెద్దమ్మ లేచి కొంగు దోపింది. "బండి తియ్యి. ఫోటోలు, గీటోలు నాకొద్దు. చేపనే తీసుకెళ్లి చూపిద్దాం."

పెదనాన్న పాత స్కూటరు మీద నేను, వెనక పెద్దమ్మ, ఆమె ఒళ్లో సంచిలో నాలుగు కిలోల బొచ్చె. బ్యారేజీ మీద గాలికి సంచి రెపరెపలాడుతుంటే చేప తోక నా వీపుకి తగులుతూ ఉంది. ప్యాంటు జేబులో ఆరంగుళాల ఫోను ప్రతి స్పీడు బ్రేకరుకీ పొడుస్తోంది. (పెద్ద తెరకి రెండు మార్కులు అక్కడే కోసేశాను.) దారి పొడుగునా పెద్దమ్మ సంచి మూతి తెరిచి మొప్ప చూసుకుంటూనే ఉంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఆ రోజు నిజంగా అనిపించింది.

హోటలాయన చేపను బల్ల మీద పెట్టి మొప్ప ఎత్తారు. వేలితో రుద్దారు, వాసన చూశారు, నీళ్లు పోసి మళ్లీ రుద్దారు. రంగు దిగలేదు. "చేప బంగారంలా ఉందమ్మా. మరి ఫోటో అట్లా ఎందుకొచ్చింది?" అన్నారు. "తప్పు నాదండీ" అని ఫోను తీసి, పంతొమ్మిది మార్కుల కథంతా చెప్పాను. ఆయన తెరను దగ్గరగా పెట్టుకుని చూసి, "చేప సంగతి సరే. పక్కనున్నది మీ అమ్మాయా అమ్మా?" అన్నారు. పెద్దమ్మ అప్పటిదాకా ఆ ఫోటోలో చేపనే చూసింది గానీ తనని చూసుకోలేదు. ఫోను లాక్కుని చూసి, "నేనేనండీ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆర్డరు కుదిరింది. తిరుగు ప్రయాణంలో బ్యారేజీ దాటకముందే, "ఒరే, చేపను తీసేసి నా మొహం ఒక్కటే ఉంచగలవా?" అని వెనక నుంచి అడిగింది.

సోమవారం నేను కెమెరాకి పంతొమ్మిది కొట్టేసి ఏడు వేశాను. కారణం అడిగితే "మొప్పలండీ" అన్నాను. మార్కుల మేష్టారు "మన పాఠకులు మొహాలు తీసుకుంటారా, మొప్పలు తీసుకుంటారా?" అని పదహారు చేసి సైట్లో పెట్టేశారు. ఆయన లెక్క ఆయనది. ఆ ఫోను బాగానే అమ్ముడుపోయింది.

ఇప్పుడు నేను హైదరాబాదులో అదే పని కొంచెం పెద్ద కుర్చీలో కూర్చుని చేస్తున్నాను. కుర్రాళ్లకి కెమెరాలు నమ్మొద్దని పాఠాలు చెబుతుంటాను. కానీ మొన్న నా కొత్త ఫోటో ఒకటి అందరికీ పంపేముందు, కళ్ల కింద నలుపు చూసి, నా వేలు దానంతటదే ఆ గీత మీదకు పోయింది. ఆరు దగ్గర ఆపాను. పది నిమిషాల్లో పెద్దమ్మ ఫోను.

"ఏరా, మొహం అట్టా తెల్లగా పాలిపోయిందేంటి? వేళకి తింటన్నావా?"

"బాగానే ఉన్నాను పెద్దమ్మా. ఫోనులో అలా వచ్చింది."

"ఫోటోల సంగతి నాకు చెప్పమాక. ఆదివారం రా, ఎదురుగా చూస్తే గానీ నమ్మను."

ఆదివారం వెళ్లాను. గుమ్మంలోనే ఆపి, గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పి చూసి, "పర్లేదు, బానే ఉన్నావు" అంది.