గంజి పెట్టిన తెరచాప

గంజి వాసన తగిలితే నాకు ఇప్పటికీ సముద్రమే గుర్తొస్తుంది. మొన్న మా ఇంటిది నూలు చీరలు గంజిలో ముంచుతుంటే, మనవడు ఫోను తెచ్చి నా మొహానికి అడ్డం పెట్టి, నీళ్లను అంటీ అంటకుండా ఎగిరిపోతున్న తెరచాప పడవను చూపించి, "తాతా, ఇంజనే లేదంట! గాలితోనే రికార్డంట!" అన్నాడు. గాలిని నిన్నగాక మొన్న కనిపెట్టినట్టు! ఒళ్లు మండింది నాకు.

ఎనభైల చివర మేం ఒమాన్‌లో, బర్కాలో ఉండేవాళ్లం. మా నాయన కడప నుంచి వచ్చిన దర్జీ. మన పిల్లల బడి ఎక్కడో దార్సైట్‌లో, మాకు అందనంత దూరం. పొట్లాలు కట్టిన పాత పేపర్లే నా పాఠాలు, సముద్రపుటొడ్డే నా బడి. చలికాలపు ఈదరగాలి, ఇసుక మీద ఆరబెట్టిన చిన్న చేపల కంపు, ఆ కంపులోంచే ఎక్కడో మరుగుతున్న యాలకుల కాఫీ వాసన, వీటి మధ్య నేనూ, మా పక్కింటి జాలరి పిల్లాడు సలీమూ పొద్దస్తమానం వాళ్ల శాషా చుట్టూ తిరిగేవాళ్లం. శాషా అంటే ఖర్జూరపు మట్టలను తాళ్లతో బిగించి కట్టిన చిన్న పడవ. లోపలికి నీళ్లు వస్తూనే ఉంటాయి, అయినా తేలుతూనే ఉంటుంది. ఒకసారి నానిందా, రోజుల తరబడి ఎండబెట్టాల్సిందే.

సలీం తాత ఖల్ఫాన్ పడుచుతనంలో దానికే చాప కట్టి, తోటల కొస నుంచి కోట ముందుకు, ఒడ్డున పొయ్యి మీద పెట్టిన కాఫీ పొంగేలోగా వచ్చేవాడట. ఆ తర్వాత ఇంకెవరి వల్లా కాలేదు. సలీం చిన్నాన్న ఇంజను పడవ కొన్నాక, ఈ మట్టలు శుక్రవారం పొయ్యిలోకే అనేశాడు. సలీం ఏడ్చాడు. ముసలాయన గడ్డం నిమురుకుని, కాఫీ పొంగకముందే కోట ముందుకు వస్తే పడవ ఇక మీకే అన్నాడు.

చాపకు మా అమ్మ పెట్టెలోని చీర తీశాం. గంజి పెట్టని గుడ్డను గుడ్డగానే లెక్కచేయని మనిషి మా అమ్మ; చీర అట్టలా ఉండేది. దూరాన పొయ్యి పొగ లేవగానే పడవ వదిలాం. చీర ఫెళ్లుమని నిండింది, శాషా ముక్కెత్తి ఉరికింది, ఒడ్డు వెంట మాతో పరిగెత్తిన కుక్క వెనకబడిపోయింది. "యల్లా! యల్లా!" అని, పద పదమంటూ సలీం ఒకటే కేకలు. సగం దూరంలో అలల తుంపర తగిలి గంజి కరిగింది. చీర తెల్లగా కారుతూ తడి సంచిలా వేలాడింది.

ఒడ్డున కర్రతో అమ్మ! "ఒరేయ్, నా చీర రా అది!" అని తిడుతూ వచ్చిన మనిషి, కాఫీ కూజా వైపోసారి, మా వైపోసారి చూసి, పందెం సంగతి అర్థమై, "కొంగు లాగి పట్టుకో రా సచ్చినోడా! వదిల్తే సంపుతా!" అని అరవసాగింది. లాగాం. పడవ ఇసుకను తాకబోతుండగా కాఫీ నురుగు పొంగి నిప్పుల మీద చుయ్యిమంది.

"ఖలాస్!" అన్నాడు చిన్నాన్న.

"ఏం ఖలాసప్పా? గంజి కరిగింది గానీ పిల్లోళ్లు తగ్గల్యా! ఇంగోసారి పెట్టు కాఫీ!" అంది అమ్మ.

తెలుగు ముక్క రాని ఖల్ఫాన్ పడీపడీ నవ్వి, కూజా చూపించి, పడవ ఆరగానే మళ్లీ అన్నట్టు వేలు తిప్పాడు.

పడవ ఆరకముందే శుక్రవారం వచ్చింది. ముసలాయన నమాజు నుంచి తిరిగొచ్చేసరికి చిన్నాన్న మట్టలన్నీ నరికి పొయ్యి పక్కన పేర్చాడు. తడి మట్టలు! పొయ్యికైనా పనికిరావని తెలియదా ఆ మనిషికి? ఖల్ఫాన్ ఆ రోజు కాఫీ ముట్టలేదు.

ఇప్పుడా ఒడ్డున అన్నీ ఫైబరు పడవలేనట. ఖల్ఫాన్ లేడు, అమ్మా లేదు.

"అయితే ఓడిపోయినారా తాతా?" అన్నాడు మనవడు.

ఎలా ఓడిపోతాం? ఆ రెండో కాఫీ ఇంకా పొయ్యి మీద పెట్టందే!