నీలం సంచీ, ఒకటి

మా తోడికోడలు ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని లెక్కపెట్టడం. కత్తెరలు, సూదులు, రక్తం అద్దే గుడ్డలు లోపలికి ఎన్ని వెళ్ళాయో అన్నీ బయటికి వచ్చాయని తేలాలి. తేలాక ఆవిడ గట్టిగా "సరిపోయింది" అనాలి. ఆ మాట పడ్డాకే డాక్టరు కుట్లు వేస్తాడు. ఎంత పేరున్న డాక్టరైనా మా ఆవిడ నోటి వైపు చూస్తూ నిలబడాల్సిందేనని బావగారు పదిమందిలో చెప్పి మురిసిపోతుంటారు.

ఆ జబ్బు ఇంటికీ అంటుకుంది. చుట్టాలు వచ్చి వెళ్తే చెంచాలు లెక్కపెడుతుంది. ఉతికిన బట్టలు లెక్కపెడుతుంది. ఎదుట అక్కా అని పిలిచినా, నేను చాటుగా ఆవిడకు లెక్కలమ్మ అని పేరు పెట్టాను. ఒకే ఇంట్లో పన్నెండేళ్ళుగా కాపురాలు చేస్తున్నాం, ఆవిడ ఒక్కసారి తప్పు చెప్పగా నేను చూడలేదు. నిజం చెప్పాలంటే అదే నాకు కంటగింపు. నేనేం చెప్పినా మా అత్తయ్య రెండోసారి అడుగుతుంది. అక్క "సరిపోయింది" అంటే మాత్రం అది వేదవాక్కు.

ఆ ఏడాది ఆరుగురం పద్దెనిమిది రోజులు ఊళ్ళు చూడ్డానికి బయల్దేరాం. నేను, మా ఆయన, అక్క, బావగారు, అత్తయ్య, అక్క కూతురు పిచ్చుక. బక్కపలచగా ఉండి నిమిషం కుదురుగా ఉండదని దానికా పేరు. పన్నెండేళ్ళది. ఏడో ఏట షుగరు బయటపడింది. అప్పటినుంచీ రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పొడవాలి. అది లేకుండా దాని ఒంట్లో ఏ ముద్దా ఇమడదు. పెన్నులాంటి దాంట్లో మందు గొట్టం పెట్టి పొడుస్తారు. వాడుతున్న పెన్ను అక్క చేతిసంచిలో ఉంటుంది. మిగతా గొట్టాలు తెల్లటి అట్టపెట్టెలో, ఆ పెట్టె చల్లదనం నిలిపే నీలం సంచీలో.

మొదటి హోటలు కొండమీది ఊళ్ళో. మా గది కిటికీ కిందే వంటిల్లు. తెల్లవారకముందే గిన్నెల మోత మొదలయ్యేది. స్నానాలగదిలో నీళ్ళు పోయేవి కావు. నాలుగోరోజు నుంచి నేను సణగడం మొదలుపెట్టాను, ఎనిమిదోరోజుకు అత్తయ్యను నా వైపు తిప్పుకున్నాను. బావగారు రెండున్నర గంటల దూరంలో చెరువు పక్కన ఇంకో హోటలు చూశారు.

అక్క ఒక్కతే వద్దంది. "మధ్యలో సర్దడమంటే ఏదో ఒకటి మర్చిపోతాం. ఉన్నచోటే ఉందాం."

"నువ్వు లెక్కపెట్టవూ!" అన్నాను. అందరూ నవ్వారు.

మారేముందు రోజు సాయంత్రం మంచినీళ్ళ కోసం అక్కావాళ్ళ గదిలోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. వాళ్ళు బయట తిరుగుతున్నారు. నీలం సంచీ మీద మంచు పేరుకుని ఉంది. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పారెయ్యడమేనని అక్క వందసార్లు చెప్పింది. సంచీ తెరిచి చూశాను, గొట్టాలు ఇంకా బాగానే ఉన్నాయి. తెల్లపెట్టె తీసి, సంచీ జిప్పు మళ్ళీ వేసి, కిందికెళ్ళి వంటాయన చేతికిచ్చాను. "ఇది పిల్ల మందు బాబూ, పెద్ద ఫ్రిజ్‌లో వెన్న దగ్గర పెట్టు." లెక్కలమ్మ కంటపడనిది నా కంటపడిందని ఎంత సంబరపడ్డానో! భోజనాల దగ్గర అందరిముందూ చెబుదామని దాచుకున్నాను. అక్కడ కారు ఎన్నింటికి రావాలో, ఎవరెక్కడ కూర్చోవాలో వాదనలు లేచాయి. నాకు నచ్చిన విషయం కదా, నేనూ దూరాను. పెట్టె సంగతి గాలికి పోయింది.

మర్నాడు పొద్దున అక్క సామాన్లన్నీ మంచం మీద పరిచి వేలు పెట్టి లెక్క మొదలుపెట్టింది. "ఛార్జర్లు, నాలుగు. చెప్పులు, ఆరు జతలు. నీలం సంచీ, ఒకటి." నేను గుమ్మంలో నిలబడి, ఆవిడ మాటలకు చప్పుడు లేకుండా పెదాలు కదుపుతూ మా ఆయనను నవ్విస్తున్నాను; పెట్టె సంగతి అప్పుడూ గుర్తు రాలేదు. సంచీ ఆవిడ తెరవలేదు. థియేటర్‌లో క్రిములు చేరకుండా మూసిన కట్టను ఊరికే విప్పరు, విప్పితే పాడైనట్టే. ఇక్కడ విప్పితే చల్లదనం పోతుంది. మూసి ఉంది, చల్లగా ఉంది, ఒకటి ఉంది.

"సరిపోయింది" అంది.

కొత్త హోటలు చేరేసరికి ఒంటిగంట. గది అద్దంలా ఉంది. నేను కిటికీ తెరిచి చెరువును నేనే తవ్వించినట్టు అందరికీ చూపిస్తున్నాను. పెన్నులో మందు పొద్దుటి మోతాదుతో అయిపోయింది. అక్క భోజనానికి ముందు కొత్త గొట్టం పెడదామని సంచీ జిప్పు లాగింది. లోపల మంచుముక్కల ప్యాకెట్లు రెండే ఉన్నాయి, తెల్లపెట్టె లేదు.

ఆవిడ సంచీని తిరగేసి దులిపింది. మళ్ళీ లోపల చెయ్యిపెట్టి వెతికింది.

వంటాయన చేతికిచ్చిన పెట్టె నాకు అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే చెప్పాలి, చెప్పాను కూడా. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు. "ఆ ఫ్రిజ్‌లో మంచు కడుతోంది కదక్కా, హోటలు వాళ్ళే కింద వంటింట్లో పెట్టుంటారు. ఫోన్ చెయ్యి!"

నేను పెట్టానని అనలేదు. ఎందుకు అనలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. అత్తయ్య ముఖం ఎదురుగా ఉంది, అంతే.

పిచ్చుక వేలు గుచ్చి చూస్తే షుగరు రెండువందల అరవై. మా ఆయన మందుల షాపుకు పరుగెత్తాడు. అక్కడున్నది ఒక్కటే షాపు, అందులో ఇన్సులిన్ లేదు, రేపు తెప్పిస్తానన్నాడట. పెద్దాసుపత్రి కావాలంటే మేం దిగొచ్చిన కొండమీది ఊరే. అక్క అప్పటికే పాత హోటలుకు ఫోన్ కలిపింది. గది ఖాళీ అయితే ఫ్రిజ్‌లో మిగిలినవి పారేస్తామని అక్కడి గుమాస్తా అన్నాడు. వంటాయనను పిలవమంది. నిమిషం గడిచింది, రెండు గడిచాయి.

వంటాయన లైన్లోకి వచ్చాడు. అక్క చాలాసేపు వింది. "అలాగా" అంది. కిటికీ వైపు తిరిగి, "తడిగుడ్డ చుట్టి తీసుకురా బాబూ, నీకు పుణ్యముంటుంది" అని పెట్టేసింది. "ఉంది. అతను బండిమీద బయల్దేరుతున్నాడు. మనం ఎదురెళ్దాం. దారిలో పెట్రోలు బంకు దగ్గర కలుద్దామన్నాడు."

కారులో బావగారు హోటలు వాళ్ళను తిట్టిపోశారు. "అడక్కుండా మందులు ముట్టుకుంటారా! వాళ్ళ సంగతి తేలుస్తాను!" అత్తయ్య అక్క మీద విరుచుకుపడింది. "చెంచాలు లెక్కపెడతావు, చెప్పులు లెక్కపెడతావు, కన్నకూతురి మందు చూసుకోలేవూ?"

"సరిపోయిందని చెప్పింది నేనే అత్తయ్యా" అంది అక్క. "తప్పు నాదే."

నేను నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను.

పిచ్చుక కదలకుండా నా భుజం మీద వాలింది. కుదురుగా ఉండని పిల్ల కుదురుగా ఉంటే ఇంత భయమేస్తుందని నాకు తెలీదు. "పిన్నీ, దాహం" అంటూ సీసా మీద సీసా ఖాళీ చేసింది. మళ్ళీ గుచ్చితే మూడువందల నలభై. ఒక మలుపులో కారు ఆపించి కక్కుకుంది. అక్క దాని నోరు తుడిచి, షుగరు ముదిరితే వచ్చే మాగిన పళ్ళ వాసన ఉందేమోనని ఊపిరి చూసి, డ్రైవరుతో "పోనివ్వు నాయనా, తొందరగా" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

బంకు దగ్గరికి మేమే ముందు చేరాం. పావుగంట రోడ్డు కేసి చూస్తూ నిలబడ్డాం. ప్రతి బండీ అతనిదే అనిపించేది. చివరికి వంటింటి తెల్లకోటుతోనే వచ్చాడు వంటాయన. ఒళ్ళో తడిగుడ్డ చుట్టిన స్టీలు డబ్బా. బండి దిగి, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసి, నన్ను చూడగానే ముఖం వెలిగి నా వైపే రాబోయాడు.

"మీరు జాగ్రత్త అన్నారు కదమ్మా, అందుకే..."

అక్క మధ్యలోకి వచ్చి చెయ్యి చాచింది. "నాకివ్వు బాబూ. వాళ్ళమ్మను నేను."

అప్పుడర్థమైంది. ఫోన్‌లోనే అతను అంతా చెప్పాడు. గంటన్నర నుంచీ ఆవిడకు తెలుసు. తెలిసే తిట్లన్నీ తను తిన్నది.

గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, పెన్నులో పెట్టి, పిచ్చుకకు పొడిచింది. అక్కడి నుంచి నేరుగా కొండమీది ఆసుపత్రికే వెళ్ళాం. సెలైను పెట్టారు. సాయంత్రానికి షుగరు రెండువందలకు దిగింది. పిచ్చుక ఆకలంది. ఆ మాట వినగానే నేను వరండాలోకి వెళ్ళి భోరున ఏడ్చాను.

అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకు చెప్పలేదక్కా నా పేరు?"

"నువ్వు తియ్యకపోతే అది గడ్డకట్టేది. అప్పుడు ఎక్కడా ఉండేది కాదు" అంది. నా వైపు తిరిగి, "అబద్ధం మాత్రం చెప్పకుండా ఉండాల్సింది. నాకు చాలా కోపమొచ్చింది నీమీద" అంది. తర్వాత, "థియేటర్‌లో లెక్క ఒక్కరే చెయ్యరు, తెలుసా. ఒకరు వేలు పెడితే ఇంకొకరు పైకి చెప్పాలి. ఇద్దరూ అంటేనే లెక్క. ఇంట్లోనే నేను ఒంటరిగా చేస్తూ వచ్చాను" అంది.

ఆ రాత్రికి పిచ్చుకను ఆసుపత్రిలోనే ఉంచి, మర్నాడు చెరువు పక్క హోటలుకు తిరిగొచ్చాం. ఇంకో వారం అక్కడున్నాం. చెరువు ఎలా ఉందో అడిగితే చెప్పలేను. రోజూ చెబుదామనుకోవడం, అత్తయ్య ముఖం చూసి ఆగిపోవడం.

ఆఖరిరోజు సామాన్లు మంచం మీద పరిచి అక్క నన్ను పిలిచింది. తను వేలు పెట్టింది, నేను చెప్పాను. ఛార్జర్లు, నాలుగు. చెప్పులు, ఆరు జతలు. నీలం సంచీ దగ్గర ఆవిడ వేలు ఆగింది. నేను జిప్పు తీశాను, పెట్టె తెరిచాను. "గొట్టాలు, మూడు."

గుమ్మంలోంచి అత్తయ్య అడిగింది. "సరిపోయిందా?"

అక్క నా వైపు చూసింది.

"అత్తయ్యా, ఆరోజు పెట్టె కింద ఇచ్చింది హోటలు వాళ్ళు కాదు. నేను. చెప్పడం మర్చిపోయాను. తర్వాత అబద్ధమాడాను. అక్క తప్పేం లేదు."

మా ఆయన, బావగారు పెట్టెలు మూస్తున్న చేతులు ఆపేశారు. అత్తయ్య నన్ను చూసింది, అక్కను చూసింది. తర్వాత నన్నే అడిగింది.

"సరే. ఇప్పుడు సరిపోయిందా?"

సంచీలోకి ఇంకోసారి చూసి, "సరిపోయింది" అన్నాను.

ఆవిడ రెండోసారి అడగలేదు.