ఆరడుగుల చెక్క, అరడుగు తెలివి

మాచర్ల బస్సును ఇరవై నిమిషాలు ఆపి, నరసరావుపేట బస్టాండు మొత్తం చేత తిట్లు తిన్న మహానుభావుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

అప్పుడు నేను సివిల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాను. లోకంలో కట్టాల్సినవన్నీ నా కోసమే ఆగి ఉన్నాయనుకునే వయసు. మా పక్కింటి సులోచనత్తకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. మాచర్ల దారిలోని గురజాలలో ఆడపిల్లలకు కుట్టు నేర్పే ఉద్యోగం దొరికింది. మొదటిరోజు పదింటికల్లా అక్కడుండాలి. బస్సు మెట్లేమో ఎత్తు.

"నేనున్నాగా అత్తా!" అన్నాను. ఆమె ఏదో చెప్పబోయింది. వినే తీరిక ఇంజనీరుకెక్కడిది? అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెట్టేరకం.

ముందురోజే బస్సు ఎత్తు కొలిచి, ఆరడుగుల చెక్క తెచ్చాను. పొద్దున్నే దాన్ని తలుపుకు ఆనించి, కోటప్పకొండ ఎక్కించినట్టు కుర్చీని పైకి తోశాను. సరిగ్గా తలుపు దగ్గర ఠక్కున ఆగిపోయింది. మధ్యలో నిలువుగా ఇనుప కమ్మీ!

"ఈ కమ్మీ ఎప్పుడు పెట్టారు?" అని కండక్టరుమీద కేకలేశాను.

"బస్సు పుట్టినప్పుడే! ఏందయ్యా నీ గోల, దింపు!"

వెనక బస్సుల హారన్లు. నలుగురు కలిసి కుర్చీని కిందికి లాగారు. అత్త చెమట తుడుచుకుని నావైపు చూసింది.

"ఒరేయ్ శీనూ, జాకెట్ కుట్టాలన్నా ముందు మనిషిని కొలుస్తాం. నువ్వు బస్సును కొలిచావు. నన్ను ఒక్కమాట అడిగావంట్రా?"

"ఏం కావాలత్తా?" అప్పటికి అడిగాను.

"మొదటి మెట్టు కింద ఓ పీట. మిగతావి చేతుల మీద నేనే ఎక్కుతా. కుర్చీ మడిచి లోపల పెట్టు."

టీకొట్టాయన పీట తెచ్చాడు. రెండు నిమిషాల్లో అత్త కిటికీ పక్కన కూర్చుంది. నేను సిగ్గుతో తలొంచుకుని చెక్కను పక్కకు లాగుతుంటే బస్సు కదిలిపోయింది. తిరిగి చూస్తే కుర్చీ నా దగ్గరే ఉంది!

వెంటనే ఫోను. "నా కుర్చీ ఏదిరా?"

"తర్వాతి బస్సులో తెస్తున్నానత్తా!"

ఆ బస్సెక్కి, కుర్చీ మడిచి, మోకాళ్లకు ఆనించుకుని కూర్చున్నాను. పక్కనున్న ముసలమ్మ నన్నూ కుర్చీనీ మార్చి మార్చి చూసి, కళ్లు తుడుచుకుని, నా చేతిలో అరటిపండు పెట్టింది. నాకు అర్థం కాలేదు. గురజాలలో బస్సు ఆగగానే అర్థమైంది. ఒకాయన కుర్చీ దింపి తెరిచాడు. ఇద్దరు నా చంకల కింద చేతులేశారు.

"అయ్యా, నాకు కాళ్లున్నాయి!"

"ఉన్నాయిలే నాయనా, లేవని ఎవరన్నారు? భయపడమాక!"

బియ్యం బస్తాలా ఎత్తి, నన్ను కుర్చీలో కుదేశారు. ఎదురుగా బస్టాండు బల్లమీద సులోచనత్త పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఎట్టా ఉందిరా, అడక్కుండా ఎత్తితే?"

చేతిలో అరటిపండుతో, ఆ కుర్చీలోనే ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఎవరికి మేలు చేయాలన్నా ముందు నోరు తెరిచి అడుగుతాను, వాళ్లు వద్దంటే ఆ నోట్లో అరటిపండు పెట్టుకుని ఊరుకుంటాను.