బీడుకి కొట్టిన నీళ్ళు

ఆ రోజుల్లో నన్ను ఎవరెవరు ఏమేమన్నారో నాకు మాటతో సహా గుర్తుంది. అన్నవాళ్ళకి గుర్తులేదు. పెళ్ళిళ్ళలో నా పక్కనే కూర్చుని, ఇంకాస్త కూర వేసుకోమంటారు. వేసుకుంటాను. మర్చిపోవడం మాత్రం నా వల్ల కాదు.

మాది అద్దంకి దగ్గర పల్లె. తొంభైల చివర్లో పత్తి మీద పచ్చపురుగు పడి, ఏ మందుకీ చావని కాలం అది. ఒక మందు పనిచేయకపోతే రెండు కలిపి కొట్టేవాళ్ళం. అదీ పనిచేయకపోతే మందుల కొట్టువాడు చెప్పిన మూడోది. మందు కొట్టే తైవాన్ పంపు వీపున వేసుకుని సాళ్ళలో నడుస్తుంటే లుంగీ మందుకి తడిసి కాళ్ళకి అంటుకునేది. ఆ ఏడు మా పక్క చేను రైతు మందు కొడుతూ కొడుతూ కూలబడ్డాడు. నేనూ మా అన్నయ్యా మోసుకొచ్చి ట్రాక్టరులో పడుకోబెట్టాం. అతని తల నా ఒళ్ళో ఉంది. నోటివెంట నురగ. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. ఒంగోలు ఆసుపత్రికి చేరేలోపే నా ఒళ్ళోని బరువు మారిపోయింది. ఆ మార్పు ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

కొన్నాళ్ళు బాగానే ఉన్నాను. ఒకరోజు పొద్దున మందు కొడుతుంటే, ఏ కారణమూ లేకుండా, గుండె గొంతులోకి వచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఊపిరి లోపలికి పోవడంలేదు. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. చేను మొత్తం దూరంగా జరిగిపోయినట్టు, నన్ను నేనే ఎక్కడినుంచో చూస్తున్నట్టు అనిపించింది. ఇక నా వంతు వచ్చిందనుకున్నాను. పంపు పడేసి గట్టు మీదికి పాకాను.

ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు ఉండేవాడు. పురుగుమందు ఎక్కిందన్నాడు. విరుగుడు ఇంజక్షన్ పొడిచాడు. అది పడ్డాక నోరు పిడచకట్టుకుపోయింది, కళ్ళు మసకలు కమ్మాయి, గుండె ముందుకంటే రెండింతలు పరిగెత్తింది. నేను చచ్చిపోతున్నానని అరిచాను. విషం ఇంకా దిగలేదంటూ ఇంకో ఇంజక్షన్ తీశాడు. అలా ఆ సీజనులో ఎన్నిసార్లు పొడిచాడో. ప్రతిసారీ నేను మంచానికి అతుక్కుపోయి, కప్పుకేసి చూస్తూ, ఒంగోలు దారిలో నా తల ఎవరి ఒళ్ళో ఉంటుందా అని ఆలోచించేవాణ్ణి.

అన్నయ్య మొదట్లో భయపడ్డాడు. తర్వాత విసుక్కున్నాడు. అందరం అదే మందు కొడుతున్నాం కదా, వీడికే ఎందుకు ఎక్కుతుందని మా వదినతో అనడం విన్నాను. నా మొహం మీద మాత్రం ఒకే ఒక్కసారి అన్నాడు.

"మందు పడని ఒళ్ళు పెట్టుకుని వ్యవసాయం ఎందుకురా? గాజులు అమ్ముకో పో."

మా ఆవిడ అప్పుడు కడుపుతో ఉంది. ఆమె పక్కనుంటే నాకు కాస్త ధైర్యం. అందుకని చేనుకి వెళ్ళేటప్పుడు తోడు తీసుకెళ్ళేవాణ్ణి. తలమీద తువ్వాలు కప్పుకుని, ఎండలో గట్టు మీద కూర్చునేది. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వుకునేవాళ్ళు. పొలానికి కాపలా పెట్టావా, నీకు పెట్టావా అని ఒకడు అడిగాడు. వాడి పేరు ఇక్కడ రాయను గానీ, వాడికి తెలుసు.

ఏడో నెల దాటింది. పొదిలి నుంచి మా మామగారు వచ్చి, కాన్పుకి తీసుకెళ్తానన్నారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, అందులో వింతేమీ లేదు. నేను మాత్రం ఏదో ఒక వంక చెప్పి రెండుసార్లు వెనక్కి పంపాను. నేను ఒంటరిగా ఉండలేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆయనకి అర్థమైపోయింది. "పిల్ల కాన్పుకి వస్తుందా, అల్లుడుగారి కాన్పు అయ్యాక వస్తుందా?" అని మా నాన్న ముందే అన్నారు.

అసలు సంగతి మొదట పట్టుకున్నది మా ఆవిడ. ఒకరోజు మంగలి కొట్టులో, మెడచుట్టూ గుడ్డ కట్టి కుర్చీలో కూర్చోబెట్టాక, నాకు అదే వచ్చింది. సగం క్షవరంతో ఇంటికి పరిగెత్తుకొచ్చాను. ఊళ్ళో పిల్లలు వెంటపడ్డారు. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. క్షవరం కొట్టులో మందు ఎక్కడుందండీ అని అడిగింది. తను నెలనెలా పరీక్షలకి వెళ్ళే ఆసుపత్రిలో నర్సుని అడిగి, గుంటూరులో ఒక డాక్టరు చిరునామా తెచ్చింది. గ్యాస్ ట్రబుల్ చూపించుకోవడానికని ఇంట్లో చెప్పి వెళ్ళాం.

బోర్డు మీద మానసిక వైద్యులు అని రాసి ఉంది. నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను. మా ఊళ్ళో పిచ్చివాడు అనే మాట ఒకసారి అతుక్కుంటే వాడి పిల్లల పెళ్ళిళ్ళదాకా వెంటాడుతుంది. ఆ పిల్లలు ఇంకా పుట్టనే లేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

డాక్టరుగారు పెద్దాయన. అంతా విని ఒకటే అడిగారు. అది వచ్చినప్పుడు నోట్లో నీళ్ళూరుతాయా, నోరు ఎండిపోతుందా అని. ఎండిపోతుందన్నాను. పురుగుమందు ఎక్కితే చొంగ కారుతుందనీ, కంటిపాప చిన్నదవుతుందనీ, మీరు కళ్ళారా చూసింది అదేననీ అన్నారు. నాకు వచ్చేది వేరట. భయమే ఒంట్లోకి దిగి గుండెనీ ఊపిరినీ పట్టుకోవడమట. ఊళ్ళో పొడిచిన విరుగుడు గుండె దడని పెంచే మందట. దడతో వచ్చినవాడికి ఇంకా దడ పెట్టి పంపారన్నమాట. తర్వాత నన్ను వేగంగా ఊపిరి పీల్చి వదలమన్నారు. కాసేపటికి వేళ్ళు తిమ్మిరెక్కాయి, గది దూరం జరిగింది. అక్కడ ఏ మందూ లేదు.

ఆ మాటకి నాకు ఊరట కలిగిందని మీరు అనుకోవచ్చు. కలగలేదు. విషమైతే బయటినుంచి వచ్చింది, దానికి విరుగుడుంది. ఇది నాలోనే ఉందంటే ఎక్కడికి పారిపోను?

ఆయన బిళ్ళలు రాశారు. బిళ్ళలతో సగమే అన్నారు. భయం ఎక్కుతుంది, ఎక్కింది దానంతటదే దిగుతుంది, మీరు అది దిగేదాకా ఉండకుండా ఇంటికి పరిగెడుతున్నారు, అందుకే ఇల్లే కాపాడిందని మీ ఒళ్ళు నమ్ముతోంది అన్నారు. మందు తగలని కొత్త పంపులో ఉత్త నీళ్ళు పోసి, పంట లేని చోట కొట్టమన్నారు. వస్తే రానివ్వమన్నారు. మా ఆవిడ వైపు తిరిగి, అది వచ్చినప్పుడు మీరు ఆయన వైపు చూడొద్దమ్మా అన్నారు.

మాకొక బీడు భూమి చెక్క ఉంది, తుమ్మ చెట్లు తప్ప ఏమీ లేవు. అక్కడికి పంపు మోసుకెళ్ళాను. నీళ్ళు నేనే తోడాను, నేనే పోశాను. ఎండిన గడ్డి మీద నీళ్ళు కొట్టుకుంటూ నడిచాను. మోపెడ్ మీద పోతున్న నా ఈడువాడు ఆగి కేకేశాడు.

"ఏరా, బీడుకి పురుగు పట్టిందా?"

వాడు అటు వెళ్ళాడో లేదో, వచ్చింది. పంపులో నీళ్ళని తెలుసు. అయినా నాలుక మీద మందు చేదు తగిలింది. ముక్కులో మందు వాసన. గట్టు మీద కూర్చున్న మా ఆవిడ వైపు చూశాను. ఆమె తల అటు తిప్పుకుంది.

డాక్టరు చెప్పబట్టే చేసింది. నా మేలుకే చేసింది. అయినా ఆ తిప్పుకున్న తల నేను ఈనాటికీ మర్చిపోలేదు. లోకంలో నాకు ఎవరూ లేరన్నది ఆ క్షణంలో తెలిసింది. పరిగెత్తడానికి ఇల్లు ఎటుందో కూడా తోచలేదు. అక్కడే నిలబడ్డాను. గుండె కొట్టుకుని కొట్టుకుని, నేను చావకపోవడం చూసి అలిసిపోయినట్టు, మెల్లగా దిగింది. చూస్తే పంపు ఖాళీ అయ్యింది, కాళ్ళ దగ్గర బురద.

ఊరంతా ఆ బీడు కథ చెప్పుకుని నవ్వింది. నేను రోజూ వెళ్ళాను. నవ్వేవాళ్ళ మీది కసితో సగం, మా ఆవిడ నెలలు నిండుతున్నాయన్న దిగులుతో సగం. కొన్నిరోజులు రాలేదు. రాని రోజులే ఎక్కువ భయం, ఎప్పుడొస్తుందోనని.

ఆమెని అద్దంకిలో పొదిలి బస్సు ఎక్కించాను. మామగారు కిటికీలోంచి, మీకూ ఒక సీటు పట్టమంటారా అని అడిగారు. ఆమె ఆయన్ని పట్టించుకోకుండా నాకేసి చూసి, "మీరు ఎక్కకండి" అంది. బస్సు కదిలాక అది వచ్చింది. చుట్టూ జనం, పండ్లబండ్లు, కండక్టర్ల కేకలు. దేన్నీ పట్టుకోకుండా నిలబడ్డాను. దిగేదాకా ఉన్నాను. మొత్తం దిగలేదు. మిగిలిన భయంతోనే ఇంటికొచ్చాను, మర్నాడు ఒక్కణ్ణే చేనుకి వెళ్ళాను.

పాప పుట్టిందని ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. అన్నయ్య తోడొస్తానన్నాడు, వద్దన్నాను. దర్శి దాటాక వచ్చింది. బస్సు ఆపమని అరవడానికి నోరు తెరిచాను కూడా. ముందుసీటు కమ్మీని పట్టుకున్న చేతుల్ని ఒడిలోకి తెచ్చుకుని, చెమట తుడుచుకోకుండా, పొదిలి దాకా కూర్చున్నాను.

గుమ్మంలో మామగారున్నారు. నా వెనక్కి వీధిలోకి చూశారు.

"ఒక్కరే వచ్చారా?"

"ఒక్కణ్ణే వచ్చాను."

ఆయన పక్కకి జరిగి దారిచ్చారు. ఆ అడగడంలో వెక్కిరింత ఉందో, మెచ్చుకోలు ఉందో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోతున్నాను. ఆయన పోయారు కాబట్టి అడగడానికీ లేదు. లోపలికి వెళ్ళేసరికి చేతుల వణుకు ఇంకా తగ్గలేదు. పాపని ఎత్తుకోమని మా ఆవిడ అంటే, కాసేపు ఆగమని చెప్పి మంచం పక్కన కూర్చున్నాను.