సగం తువాలు

ఏం పని చేస్తావని అడిగినప్పుడు గుమస్తానని చెప్పి ఉండాల్సింది. మాచర్ల బస్సులో పక్క సీటు పెద్దాయనకు నిజం చెప్పాను, యుద్ధవిమానాల ఇంజన్లు డిజైన్ చేస్తానని. గురజాల దాటగానే బస్సు ఆగిపోయింది.

"ఓ డ్రైవరూ! ఈ అబ్బాయి విమానం ఇంజన్లే చేస్తాడంట, జరుగు!" అంటూ ఆయన నా చెయ్యి పట్టుకుని బస్సు ముందుకు లాక్కెళ్ళాడు. జనమంతా చుట్టూ మూగారు.

"నాకు ఇది రాదండీ. ఇంజను లోపల తిరిగే రెక్కలు శత్రువు రాడార్‌కు దొరక్కుండా, గాలి వెళ్ళే గొట్టాన్ని ఎంత వంచాలో లెక్కగడతాను. అంతే."

"ఏందీ, గొట్టం వంచడమేనా? దానికెన్నాళ్ళు పట్టుద్ది?" అన్నాడు పెద్దాయన.

"ఏళ్ళ తరబడి అదే పని," అన్నాను పళ్ళు కొరుకుతూ.

"మరి ఎగిరిందా?"

"ఇంకా లేదు."

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. రోడ్డు పక్కన తువాలు పరిచి, సగం నాకు వదిలి కూర్చున్నాడు.

"అయితే నువ్వూ మాలాగా ఎదురుచూసేవోడివే. రా, కూర్చో."

ఉక్రోషంతో మెకానిక్ వచ్చేదాకా నిలబడే ఉన్నాను. ఆ సగంలో ఆయన ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు.

మా ఇంజను ఇప్పటికీ ఎగరలేదు. గడువు మళ్ళీ వెనక్కి జరిగిన ప్రతిసారీ ఆ ఖాళీ సగం గుర్తొచ్చి, కాళ్ళు లాగుతాయి.