కొడుంబావికి కొరివి

మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అని తిట్టేది. అరవై దాటినా ఆ తిట్టు నాకు సరిగ్గానే సరిపోతుంది. ఈ రెండేళ్ళలో అయితే ఇంట్లో ఒక్క పూట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. వానలు మునుపటిలా రావడం మానేశాయి. వస్తే ఒక్కసారిగా కుమ్మరించి పోతాయి, లేదంటే నెలల తరబడి మొహం చాటేస్తాయి. కిందటి ఐప్పసి నెలలో, దీపావళి వానలప్పుడు, కొండ మీద మూడు రోజులు కుండపోతగా కురిసింది. అయినా తమిళనాడులో పాపారపట్టికి అవతల ఉన్న మా పల్లె చెరువులో మోకాలి లోతు నీళ్ళు కూడా నిలవలేదు. చెరువు ఎండితే కట్ట కింద కూలివాళ్ళ వీధిలో బావి ఎండిపోతుంది. వేసవంతా ఆ వీధి ఆడవాళ్ళు మైలు దూరం నడిచి మా బోరు దగ్గరికి బిందెలతో వచ్చేవాళ్ళు. కిటికీలోంచి ఆ వరుస కనబడుతుంటే నాకు ముద్ద దిగేది కాదు.

అందుకే ఊరిని కదిలిద్దామనుకున్నాను. కొండ నీళ్ళను చెరువుకు తెచ్చే వంక పూడిపోయింది. ఈ ఐప్పసి వానల్లోపు అందరం కలిసి దాన్ని తెరవాలి. నేను చెప్పదలచింది ఇంతే. బడిపిల్లల చేత తమిళంలో అట్టలు రాయించి ఊరేగింపు తీశాను. అద్దె మైకు తెచ్చి రేషను కొట్టు ముందు నిలబడి భూమి వేడెక్కడం గురించి, చెట్లు నరకడం గురించి, చెరువులో పోసే చెత్త గురించి, వెయ్యి అడుగుల బోర్ల గురించి గొంతు పోయేదాకా మాట్లాడాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నేను పంచిన కాగితాల్లోనే చక్కెర పొట్లాలు కట్టుకుని వెళ్ళిపోయారు. ఈసారి ఏ పార్టీ తరఫున నిలబడుతున్నావని ఒకాయన అడిగాడు. ఒళ్ళు మండిపోయి మైకు అక్కడే వదిలేసి వచ్చాను.

మా పొలంలో నా చిన్నప్పటినుంచీ కూలికి వచ్చే అవ్వ ఒకామె ఉంది. కట్ట కింది వీధి మనిషే. చావు ఇళ్ళలో శోకాలు పాడేది ఆమే. ఆమె శోకం ఎత్తుకోకపోతే మా వైపు పాడె కదలదు. నా అవస్థ చూసి ఆమె ఒక దారి చెప్పింది.

"మైకుకు ఎవురొస్తారు అమ్మణ్ణీ? కొడుంబావిని లాగు. ఊరంతా వస్తాది."

వాన తప్పినప్పుడు మా వైపు చేసే పని అది. ఎవరో మహాపాపి వల్ల వాన ఆగిపోయిందని, ఇంటికో పిడికెడు గడ్డి అడిగి తెచ్చి మనిషంత బొమ్మ కడతారు. చచ్చినవాళ్ళకు చేసినట్టే దానికి అన్నీ చేసి, వీధుల వెంట ఈడ్చి, ఊరి బయట కాలుస్తారు. వెనకాల ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ ఏడుస్తారు. గడ్డిబొమ్మను కాలిస్తే వాన వస్తుందా అని అవ్వను కసురుకున్నాను. రెండు రోజులు ఊరంతా తిరిగాక ఆ మాటలోనే దారి కనబడింది. ఊరికే పాపి పాపి అని కాకుండా, ఈ ఊరిలో ఎవరు ఏం చేశారో విప్పి చెప్పి ఏడవమని అవ్వను అడిగాను. 

"అన్నీ చెప్పేస్తా. నువ్వు తాళుకుంటావా?"

నిజమైతే ఎవరిదైనా చెప్పమన్నాను, పెద్ద ధీరురాలిలాగా.

ఐప్పసికి ముందు నెల, పురట్టాసిలో ఒక ఆదివారం బొమ్మను కట్టారు. నా కాగితం చదవని ఇల్లు కూడా గడ్డి ఇచ్చింది. అవ్వ తెలుగూ తమిళమూ కలిపి శోకం ఎత్తుకుంది. బోరు పక్కన బోరు వేసినవాళ్ళను, కోళ్ళఫారం చెత్త చెరువులో పోసినవాళ్ళను, కట్ట మీది చింతలు కొట్టి అమ్ముకున్నవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుని ఏడ్చింది. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు తల దించుకున్నారు, మిగతావాళ్ళు నవ్వారు. నేను జనాన్ని చూసుకుంటూ తెగ మురిసిపోయాను. మూడు నెలల మైకు చేయని పని ఒక్క పూటలో అవుతోంది కదా.

మా మామిడి తోట మలుపులో అవ్వ బొమ్మను ఆపించింది.

"వంక కడుపు మీద మామిళ్ళు నాటినారే తల్లీ! పెద్దయ్య పొయ్యమంటే మట్టి పోసినానే! మూసిన చేతులు ఇవేనే!" అంటూ ఆ రెండు చేతులతోనే రొమ్ము బాదుకుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దయ్య అంటే మా నాయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అందరికంటే ముందు నేనే తల దించుకున్నాను. నాకు తెలియక కాదు. తోట చివర ఉన్న ఆ పదకొండు చెట్లు వంకలోనే ఉన్నాయని నాకు ఎనిమిదో ఏటనుంచీ తెలుసు. అవ్వ పెద్ద బిందె, నేను చిన్న చెంబు మోసుకుపోయి వాటికి నీళ్ళు పోసేవాళ్ళం. కాళ్ళ కింద వంక ఇసక మెత్తగా తగిలేది. ఇది మన గట్టే అని నాయన చెప్పాడు, నేను నమ్మినట్టు ఉండిపోయాను. ఊరందరి తప్పులూ అట్టల మీద రాయించి మా తప్పు ఒక్కటీ వదిలేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అవ్వ మీద కోపం కూడా వచ్చింది, దాచుకోవడం ఎందుకు?

చెరువు దగ్గర బొమ్మను పడుకోబెట్టాక కొరివి పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. పాపికి కొరివి పెడితే పాపం అంటుకుంటుందని భయం. ప్రతిసారీ ఎవరినో ఒకరిని బతిమాలాల్సిందే. మా నాయన పోయినప్పుడు అన్న కొరివి పెట్టాడు, ఆడదాన్నని నన్ను వాకిట్లోనే ఆపేశారు. ఇప్పుడు నేను వెళ్ళి కాగడా అందుకుంటే ఒక్కరూ ఆపలేదు. గడ్డి అంటుకున్నాక, పదకొండు చెట్లూ తీసేస్తానని, వంక వదిలేస్తానని అందరి ముందూ చెప్పాను. మైకు లేకపోయినా అందరికీ వినబడింది.

సాయంత్రానికి ధర్మపురిలో ఉన్న మా అన్నకు సంగతి చేరింది. నాయన చెట్ల మీద చెయ్యి వేస్తే నీ మొహం చూడనన్నాడు. అవి నా వాటాలోవేనని చెప్పాను. ఫోను పెట్టేశాడు. ఇప్పటిదాకా మళ్ళీ చేయలేదు.

మర్నాడు రంపం మనుషులు వచ్చేసరికి అవ్వ అక్కడే ఉంది. సంతోషపడుతుందనుకున్నాను. మొదటి చెట్టు పడగానే దాని పక్కన కూలబడి శోకం ఎత్తుకుంది. నిన్నటిది ఊరి కోసం పాడింది, ఇది అట్లాంటిది కాదు. చెట్లు నరకొద్దని ఊరంతా వినేలా అరిచి ఇక్కడ నరికిస్తున్నదాన్ని, అసలే నా మీద నాకే కోపంగా ఉంది. నిన్న కొట్టమన్నది నువ్వే కదా, ఇప్పుడు ఈ ఏడుపేమిటని అరిచాను.

"వంకను విడవమన్నా అమ్మణ్ణీ. చెట్టేం పాపం చేసింది? మనమే కదా ఇక్కడ నాటింది," అంది.

 అవ్వ పక్కనే, ఆ ఇసకలో కూర్చున్నాను. పదకొండో చెట్టు పడేదాకా లేవలేదు. మా నాయన పోయినప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు. మధ్యలో ఎప్పుడో పై పొలం ఆయన, ఏ పార్టీ అని నన్ను అడిగినాయనే, పార తెచ్చుకుని వంకలోకి జరిపిన తన గట్టును తానే తవ్వుకోవడం మొదలుపెట్టాడు. చీకటి పడేలోగా ఇంకో నలుగురు వచ్చారు.

ఐప్పసి పుట్టి ఆరు రోజులైంది. ఊరంతా కలిసి తవ్విన వంక చెరువుదాకా తెరుచుకునే ఉంది. వాన ఇంకా రాలేదు. నేను రోజుకు నాలుగుసార్లు వెళ్ళి కొండవైపు చూసి వస్తున్నాను. వెళ్ళినప్పుడల్లా అవ్వ అక్కడే, ఆ మొదటి మోడు మీద, ఖాళీ బిందె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుంది.